పద్దెనిమిది వంపుల ఏరు

మా ఏటి ఒడ్డు పేటలో లోర్నాను ఎరగనివాళ్ళు లేరు. ఎండైనా వానైనా నెత్తిన ఒక తువ్వాలు, చేతిలో పేము బుట్ట, పెదాల మీద ఎప్పుడూ ఏదో గొణుగుడు. నలభై నాలుగేళ్ళ పాటు దూరాన ఉన్న చర్చి మిషన్‌లో వాళ్ళంతా ఆ గొణుగుడును ప్రార్థన అనుకున్నారు. ‘ఎంత భక్తురాలో ఈమె!’ అని పాస్టరు గారి భార్య ఊరూరా చెప్పుకునేదట. అది ప్రార్థన కాదు. ఒక ఏటికున్న పద్దెనిమిది వంపుల పేర్లు. కొండ మీది నుంచి సముద్రం దాకా, ఒకదాని తరవాత ఒకటి.

ఆ ఏరు మాదే. పై వంపు దగ్గర, పేము బద్దలు వంచి కట్టి, వెడల్పాటి ఆకులు కప్పిన గుడిసెలో లోర్నా పెరిగింది. నాలుగేళ్ళప్పుడు తల్లి చెరకు తోటల్లో కూలికి వెళ్ళి జ్వరంతో పోయింది. అమ్మమ్మే సాకింది. అమ్మమ్మను మేం కామీ అంటాం. ఆవిడ పిడికెడు మనిషి, కానీ గొంతు విప్పితే అవతలి గట్టు మీద పిట్టలు లేచిపోయేవి. అదే గుడిసెలో మేబెల్ కూడా ఉండేది, లోర్నా పెద్దమ్మ కూతురు. పెద్దమ్మ కూతురంటే మాకు సొంత అక్కే. లోర్నా కన్నా రెండేళ్ళు పెద్ద. ఆ రెండేళ్ళ పెత్తనం ఇవాళ్టికీ వదల్లేదు.

కొత్త వాగు దాటేటప్పుడల్లా కామీ ఆగేది. చంకలో చెయ్యి పెట్టి, ఆ చెమటను పిల్లలిద్దరి మొహాలకీ, మెడలకీ రుద్దేది.

“ఛీ, కంపు!” అని లోర్నా మొహం తిప్పుకునేది.

“కంపేనే. ఆ కంపు లేకపోతే నువ్వెవరో దీనికెలా తెలుస్తుంది? నేల ముందు ముక్కుతో చూస్తుంది. తరవాతే చెవితో వింటుంది” అనేది కామీ. అప్పుడు గొంతు సవరించుకుని చెట్ల వైపు తిరిగి కేక పెట్టేది: “ఇదిగో, మా పిల్లలు. చిన్నది కాస్త మొండిది. నీళ్ళు తాగి పోతారు. ఏమీ అనకండి!”

తనను మొండిదని అడవంతటికీ చాటి చెప్పడం లోర్నాకు నచ్చేది కాదు. మేబెల్ పక్కన నిలబడి కిసకిసా నవ్వేది.

ఆ రోజుల్ని తలుచుకుంటే లోర్నాకు ముందుగా గుర్తొచ్చేది అడవి అల్లం. దాని పూత కనపడిందంటే గుట్టకోడి గుడ్లు పెట్టిందన్న మాట. ఆకులన్నీ కాళ్ళతో గీరి మనిషెత్తు గుట్ట చేసి, ఆ వెచ్చదనంలో గుడ్లు దాచే పక్షి అది. పిల్లలిద్దరూ చేతులు మోచేతుల దాకా ఆ ఆవిరిలో పెట్టి తవ్వేవాళ్ళు. కామీ గట్టున కూర్చుని చుట్ట కాలుస్తూ చూసేది. మేబెల్ ఒకసారి ఆశకు పోయి అట్టడుగు దాకా తవ్వి, ఉన్న గుడ్లన్నీ బుట్టలో వేసుకుంది. కామీ చుట్ట పక్కన పెట్టి లేచింది. బుట్టలోంచి సగం తీసి, ఏ గుడ్డు ఏ వైపు ఉందో ఆ వైపే పెట్టించి, గుట్టంతా మళ్ళీ మేబెల్ చేతే కప్పించింది. మధ్యాహ్నమంతా పట్టింది ఆ పని.

“పై ఏడాది కూడా నీకు ఆకలేస్తుందా, వెయ్యదా?” అని ఇంటికొచ్చాక అడిగింది.

“వేస్తుంది.”

“అదే. ఆ పక్షికీ తెలుసు, నీకు ఆకలేస్తుందని.”

వానలు తగ్గుముఖం పట్టగానే చేదుగింజలు రాలేవి. అరచేతి పొడవు కాయలు, లోపల కోడిగుడ్డంత గింజలు. అలాగే తింటే ప్రాణం పోతుంది. గుంటలో ఆకుల మధ్య ఉడకబెట్టి, నత్తగుల్లతో రేకుల్లా తరిగి, పేము బుట్టల్లో నింపి పారే నీళ్ళలో నాలుగు రోజులు ఉంచాలి. అప్పుడు విషమంతా ఏరు తీసుకుపోతుంది. మిగిలిన దాన్ని నల్లటి పలకరాతి మీద నూరి రొట్టెలు కాలుస్తారు. బుట్టలు నీళ్ళలో ఉన్న నాలుగు రోజులూ వాటికి కాపలా పిల్లలదే. కట్టు వదులై బుట్ట కొట్టుకుపోయిందా, ఇంటిల్లిపాదీ పస్తు.

లోర్నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఏడు, బుట్టలు నీళ్ళలో పెట్టిన మూడో రోజు పొద్దున, పోలీసులు గుర్రాల మీద ఏటి వెంబడి పైకొచ్చారు. మా వాళ్ళ పిల్లల్ని తెల్లవాళ్ళలా పెంచడానికి పోగుచేసి ఎక్కడో దక్షిణాన, ఎండు నేలల్లో ఉన్న మిషన్‌కు పంపుతున్నారని కింది గుడిసెల వాళ్ళు అప్పటికే చెప్పుకుంటున్నారు. గుర్రపు డెక్కల చప్పుడు వినగానే మేబెల్ చెల్లెలి చెయ్యి పట్టుకుని కొండ వైపు పరిగెత్తింది. పేము ముళ్ళ తెర దాటితే చాలు, గుర్రాలు రాలేవు. ఆ తెర దగ్గర రెండు చేతులూ విడిపోయాయి.

మేబెల్ అవతల పడింది. లోర్నా ఇవతల ఉండిపోయింది.

ఎవరు వదిలారు అన్నదే తరవాత ఇద్దరి మధ్యా తెగని తగువు. లోర్నాకు గుర్తున్నది ఇదీ: నడుమ వెనక్కి తిరిగి చూస్తే ఒక బుట్ట కట్టు ఊడి నీళ్ళలో అటూ ఇటూ కొట్టుకుంటోంది. ‘అక్కా, బుట్ట!’ అంది. అప్పుడు అక్క చెయ్యి జారింది. జారిందో, వదిలిందో. లోర్నా ఏటికి దిగి బుట్ట పట్టుకుంది. కట్టు ముడి వేస్తుండగా ఒక పోలీసు ఆమె నడుం పట్టి పైకెత్తాడు.

ముసలిదాన్ని తీసుకుపోయే పని వాళ్ళకు లేదు. కామీ అరిచింది, రాళ్ళు విసిరింది, కింద పడింది, లేచింది. తరవాత ఏమనుకుందో ఏమో, ఏడుపు మానేసింది. గుర్రాలు ఒక గట్టున నడుస్తుంటే తను అవతలి గట్టున నడవసాగింది. ఒక్కో వంపు రాగానే ఆగి, ఆ వంపు పేరు కేకేసింది.

“లోర్నా! ఇది కాసోవరీ పక్షి నీళ్ళు తాగే చోటు! ... ఇది నీళ్ళు చల్లబడే చోటు! ... ఇది పేము తెర! ... ఇది అలిగిన మడుగు! వింటున్నావా?”

“వింటున్నా!” అని గుర్రం మీంచి ఏడుస్తూ అరిచింది పిల్ల.

“అయితే మళ్ళీ చెప్పు!”

అలా పద్దెనిమిది. ప్రతి కొత్త పేరుతో పాటు వెనకటివన్నీ మళ్ళీ చెప్పించింది. పోలీసులు మొదట విసుక్కున్నారు, తరవాత పట్టించుకోవడం మానేశారు. ఆఖరి వంపు దగ్గర, మడ చెట్లు మొదలయ్యే చోట, ముసలిదానికి ఇక అడుగు పెట్టే నేల లేదు. మోకాటి లోతు బురదలో నిలబడిపోయింది. పిల్లను ఎక్కించుకున్న పడవ కదిలింది.

మిషన్ ఉన్న చోట ఏరు లేదు. ఎర్ర దుమ్ము, నడుమెత్తు చెట్లు, కంటికి అడ్డమన్నది లేని ఆకాశం. అక్కడ మా భాష మాట్లాడితే అన్నం ఉండదు. లోర్నాను బట్టలుతికే కొట్లో వేశారు. సబ్బు నీళ్ళలో చేతులు పెట్టి, పెదాలు కదిలీ కదలనట్టు ఆ పద్దెనిమిదీ చెప్పుకునేది. తక్కిన మాటలు ఒక్కొక్కటే రాలిపోయాయి. నిప్పును ఏమనేవాళ్ళో మరిచిపోయిన రోజున ఇస్త్రీపెట్టె ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. మా వాళ్ళకు బెంగ పుట్టేది గుండెలో కాదు, కార్జంలో. ‘నా కార్జం ఏడుస్తోంది’ అంటాం. ఆ సంగతి చెప్పుకోవడానికి కూడా అక్కడ మాట లేదు.

ఇరవై ఏళ్ళకు క్లారీని పెళ్ళి చేసుకుంది. అతను ఆ ఎండు నేల మనిషే, పశువుల కాపరి. పొడుగ్గా, నిదానంగా, ఎప్పుడూ ఏదో హాస్యం ఆడుతూ ఉండేవాడు.

“మీ అడవిలో అసలు ఆకాశం కనపడుతుందా?” అనేవాడు.

“ఆకాశం ఎందుకు నీకు? కోసుకుని కూర వండుకుంటావా?”

“అది కాదే, పొద్దు పొడిచిందో లేదో ఎలా తెలుస్తుంది మీకు?”

“జలగలు ఒళ్ళు విరుచుకుంటాయి. అప్పుడు తెలుస్తుంది.”

క్లారీ ఆమెకు తన నేలను చూపించాడు. ఎండిన వాగులో ఎక్కడ తవ్వితే తడి తగులుతుందో, ఏ గుట్ట అతని తాతదో, ఏ గుట్ట దగ్గర నోరెత్తకూడదో. లోర్నా అన్నీ శ్రద్ధగా నేర్చుకుంది, చుట్టాలింటి ఆచారాలు నేర్చుకున్నట్టు. ఒక కూతురిని కన్నది, పెంచింది, పెళ్ళి చేసింది. క్లారీ పోయినప్పుడు అతని వాళ్ళు అతన్ని అతని తాత గుట్ట కిందే పెట్టారు. మట్టి వేసి లేస్తుంటే లోర్నాకు దుఃఖంతో పాటు చిన్న అసూయ కూడా కలిగింది. ఈయన ఇంటికి చేరాడు, అనుకుంది.

అప్పటికి చట్టాలు మారాయి. ఎవరెక్కడికైనా పోవచ్చు. అయినా లోర్నా కదల్లేదు. ఎవరున్నారని పోవాలి?

ఆ ఏడాది ఉత్తరాది నుంచి చర్చి పాటల బృందం ఒకటి మిషన్‌కు వచ్చింది. వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తూ లోర్నా యథాప్రకారం గొణుక్కుంటోంది. బృందంలోంచి ఒక పడుచు మంచినీళ్ళకని వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“అమ్మా, ఇందాక మీరేమన్నారు?”

“ఏం లేదమ్మా. పిచ్చి గొణుగుడు.”

“కాదు. ‘అలిగిన మడుగు’ అన్నారు. దాని తరవాత ‘రెండు బండల గుసగుస’ కదా?”

లోర్నా చేతిలో చాకు ఆగిపోయింది. “నీకెవరు చెప్పారు?”

“అది మా ఏరు. కింది ఎనిమిదీ మా అమ్మకు తెలుసు. పైవి అడిగితే కోప్పడుతుంది.”

“మీ అమ్మ పేరు?”

“మేబెల్.”

ఆ పిల్ల పేరు నోరీన్. మేబెల్ ఒక్కగానొక్క కూతురు. ఆ సాయంత్రం పాటల కార్యక్రమంలో ఆమె గొంతు పూర్తిగా పోయింది. ఏడ్చీ, నవ్వీ, పిన్ని మెడ కావలించుకునీ. నెల తిరక్కుండా పాత ట్రక్కు ఒకటి వేసుకుని మళ్ళీ వచ్చి, లోర్నాను మూటా ముల్లెతో సహా ఎక్కించుకుపోయింది.

మూడు రోజుల ప్రయాణం. పేటలో రేకుల ఇళ్ళ వరసలో చివరిది మేబెల్‌ది. అరుగు మీద కూర్చుని పేము చీలుస్తోంది. ట్రక్కు ఆగడం చూసింది, చెల్లెలు దిగడం చూసింది. చాకు ఆపలేదు.

“వచ్చావా? డబ్బాలో టీ ఆకు ఉంది. పొయ్యి నువ్వే రాజేసుకో.”

“అక్కా!” అంది లోర్నా. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి.

“సబ్బు కంపు కొడుతున్నావు” అంది మేబెల్.

వారం గడిచింది. ఒకే ఇంట్లో ఇద్దరూ. ఒకరు వండితే ఇంకొకరికి ఉప్పు ఎక్కువయ్యేది. ఏటికి తీసుకెళ్ళమని లోర్నా మూడుసార్లు అడిగింది.

“ఏం చేస్తావు వెళ్ళి?” అంది మేబెల్. “నీ వాసన దానికి తెలీదు. పిలుద్దామంటే నీకు భాష రాదు. మనిషివో సబ్బుబిళ్ళవో తేల్చుకోలేక తలపట్టుకుంటుంది పాపం.”

“నువ్వున్నావుగా చెప్పడానికి.”

“నేనెందుకు చెప్పాలి? చెయ్యి వదిలి పోయినదానివి నువ్వు.”

“నేనా? వదిలింది నువ్వు!”

“చూశావా అబద్ధం? అందుకే తీసుకెళ్ళనన్నది.”

నోరీన్ మధ్యలో రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసేది.

పదో రోజు లోర్నా ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా బయల్దేరింది. ఏరు నాది కూడా, ఒకరి సిఫారసు ఏమిటి నాకు, అనుకుంది. గట్టు దిగుతుండగా పాచిరాయి మీద కాలు జారింది. పడకుండా పక్కనున్న మొక్కను పట్టుకుంది. గుండె ఆకారంలో, మెత్తగా, నూగుతో ముద్దొచ్చే ఆకు. కుట్టే చెట్టు. చిన్నప్పుడు ఆమడ దూరం నుంచి గుర్తుపట్టేది దాన్ని. అరచేతి నుంచి భుజం దాకా నిప్పు పాకినట్టయింది. కేకకు చెట్ల మీది పావురాళ్ళు లేచిపోయాయి.

ఇంకా కేక పూర్తికాకముందే మేబెల్ పక్కన ఉంది.

“నా వెనకాలే వచ్చావా?” అంది లోర్నా పళ్ళ బిగువున.

“నీ వెనక నేనెందుకొస్తాను? పేము కోసుకుందామని వచ్చాను” అంది మేబెల్. చేతిలో కత్తి లేదు. “చెయ్యి ఇటివ్వు. రుద్దకు! రుద్దితే ఇంకా లోపలికి పోతుంది. యాభై ఏళ్ళొచ్చినా ఈ పిల్లకు బుద్ధి రాలేదు.”

కూర్చోబెట్టి, ఒక్కో నూగు ముల్లూ గోటితో లాగింది. చాలాసేపు పట్టింది. అది అయ్యాక ఏటి వైపు తిరిగింది. తరవాత చంకలో చెయ్యి పెట్టి, ఆ చెమట తీసి లోర్నా నుదుటికి, చెంపలకు, మెడకు గట్టిగా రుద్దింది, మసి తోమినట్టు. లోర్నా ఈసారి మొహం తిప్పుకోలేదు.

“ఇదిగో!” అని కేక పెట్టింది మేబెల్. అచ్చం కామీ గొంతు. “ఇది మా పిన్ని కూతురు. చిన్నప్పుడు తీసుకుపోయారు. ఇప్పుడు తీరిగ్గా వచ్చింది. మాట రాదు. బుద్ధి కూడా అంతంత మాత్రమే. అయినా మనదే. కుట్టింది చాలు, ఇంక వదిలెయ్యండి!”

లోర్నా గొంతు సవరించుకుంది. తెలిసిన మాటలు పద్దెనిమిదే. అవే చెప్పింది. పైనుంచి కిందికి, గట్టిగా. ఆమె వాటిని గొంతెత్తి పలకడం నలభై నాలుగేళ్ళలో అదే మొదటిసారి.

మేబెల్ తల వంచుకుని వింది. పది పేర్లు దాటేదాకా మాట్లాడలేదు.

“పైవన్నీ గుర్తున్నాయా నీకు?”

“ఉన్నాయి. నీకు?”

“కామీ పోయాక నేను కింది నుంచి ఎనిమిదో వంపు దాటి పైకెళ్ళలేదు. ముప్పై ఏళ్ళయింది. పోబుద్ధి కాలేదు.” తల ఎత్తి కొండ వైపు చూసి, “చేదుగింజ రాలుతోంది ఇప్పుడు” అంది.

లోర్నా చెయ్యి వాపు తగ్గాక ముగ్గురూ బయల్దేరారు. బియ్యం, టీ ఆకు, డబ్బా మాంసం, ఒక గిన్నె నోరీన్ వీపున. కింది వంపులు మేబెల్‌వి. ఎక్కడ మొసలి ఎండ కాచుకుంటుందో, ఎక్కడ నీళ్ళు దాటవచ్చో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ‘రెండు బండల గుసగుస’ దగ్గర లోర్నా ఆగిపోయింది. వంపే లేదు. ఒకప్పుడు కలప లారీల కోసం రోడ్డు వేసినవాళ్ళు బండలు పేల్చి, గొట్టాలు పెట్టి, నీళ్ళను తిన్నగా తోలేశారు. రోడ్డు ఇప్పుడు ఎవరికీ పనికిరాదు, నిండా గడ్డి.

లోర్నా అక్కడ నిలబడి ఆ పేరు మూడుసార్లు పిలిచింది.

“లేనిదాన్ని ఎందుకు పిన్నీ పిలవడం?” అంది నోరీన్.

“లేదని నీకెవరు చెప్పారే?” అని మేబెల్ కసిరింది. “చప్పుడు భరించలేక పక్కకు జరిగింది. పిలిస్తే వింటుంది.”

ఎనిమిదో వంపు దాటాక దారి లేదు. అక్కడి నుంచి లోర్నా ముందు, మేబెల్ వెనక. అత్త కూర్చున్న రాయి, గబ్బిలాల గుంపు... పేరు చెప్పగానే చోటు ఎదురొచ్చి నిలబడేది. పేము తెర కూడా అక్కడే ఉంది, ఇంకా దట్టంగా. మేబెల్ కత్తితో తెర కోసి, తీగ పక్కకు పట్టుకుని, “నువ్వు ముందు పో” అంది.

ఆ పైన ఏరు రెండు పాయలైంది. మేబెల్ కుడి పాయ అంది. లోర్నాకు తెలియదు. తొమ్మిదేళ్ళప్పుడు చివరిసారి గుర్రం మీంచి, కన్నీళ్ళలోంచి చూసింది.

“తరవాతి పేరేమిటి?” అంది నోరీన్.

“నీళ్ళు చల్లబడే చోటు.”

ముగ్గురూ చెప్పులు విప్పి కుడి పాయలో కాళ్ళు పెట్టారు. తరవాత ఎడమ దాంట్లో పెట్టారు. ఎడమ పాయలో నీళ్ళు ఎముకను తాకాయి. నోరీన్ కెవ్వుమని గంతేసింది. మేబెల్ చెప్పులు చేతబట్టుకుని ఎడమ వైపు నడక సాగించింది.

పై వంపు దగ్గర గుడిసె ఆనవాలు కూడా లేదు. ఉండదనీ తెలుసు. కానీ చెట్లు అవే. మనిషెత్తు కాసోవరీ పక్షి ఒకటి పిల్లలతో నీళ్ళు తాగి, వీళ్ళను ఒకసారి ఎగాదిగా చూసి, తీరిగ్గా పొదల్లోకి వెళ్ళిపోయింది. మేబెల్ పాదంతో ఆకులు తడుముతూ తిరిగి, ఒక చోట ఆగి, “ఇదుగో” అంది. కామీ నూరుడు రాయి. గీతల గీతల నల్ల పలక. అంత బరువైనదాన్ని ఎవరూ మోసుకుపోరు. ఎక్కడ నూరతారో అక్కడే పెట్టి వెళ్తారు, మళ్ళీ ఏడాది వస్తాం కదా అని.

గింజలు ఏరారు. ఉడకబెట్టారు. తరిగారు. నత్తగుల్లతో తరగడంలో లోర్నా చేతులు ఆమె కన్నా ముందు గుర్తు తెచ్చుకున్నాయి. బుట్టలు నీళ్ళలో కట్టి ఎదురుగా గట్టు మీది పెద్ద రాయి పక్కన కూర్చున్నారు. మూడో రోజు పొద్దున మంచు ఇంకా ఏటి మీంచి లేవలేదు. మేబెల్ ఉన్నట్టుండి అంది:

“నీతో ఒక అబద్ధం ఆడాను.”

“ఏది?”

“నీ వాసన నేలకు తెలీదని. తెలుసు. కామీ ఊరుకుందా? నువ్వు పోయాక బతికినన్నాళ్ళూ పొద్దున్నే ఇక్కడ, సరిగ్గా ఈ రాయి మీద నిలబడి నీ పేరు కేకేసేది. ‘లోర్నా వస్తుంది, మరిచిపోకండి, మొండిది, దాని నడక ఇలా ఉంటుంది’ అని నడిచి చూపించేది కూడా. నీ పాత గౌను ముక్క ఒకటి నీళ్ళలో తడిపి పిండేది, నీ వాసన ఏటికి గుర్తుండాలని. పదకొండేళ్ళు. రోజూ నీ పేరే.” మేబెల్ నీళ్ళకేసి చూస్తూనే ఉంది. “పక్కన ఉన్నది నేను. కట్టెలు తెచ్చింది నేను. వండిపెట్టింది నేను. ఒక్క పొద్దయినా నా పేరు పిలుస్తుందేమోనని చూసేదాన్ని. ఉన్నదాన్ని ఎందుకు పిలుస్తారు?”

లోర్నా దూరంగా ఉన్నవాళ్ళదే బాధ అనుకుంటూ అన్నేళ్ళు గడిపింది. ఇక్కడ మిగిలిపోయినదాని కార్జం కూడా ఏడ్చి ఉంటుందని ఒక్కనాడూ తోచలేదు. మెల్లగా లేచింది. ఆ రాయి ఎక్కింది. గొంతు సవరించుకుని చెట్ల వైపు తిరిగింది.

“మేబెల్!” అని కేక పెట్టింది. “ఈమె మేబెల్! మా అక్క! ఎక్కడికీ పోలేదు! ఇక్కడే ఉంది!”

“దిగవే, పడతావు” అంది మేబెల్. మొహం అవతలికి తిప్పుకుంది.

“మేబెల్!”

“తెలుసులే దానికి. దిగు.”

నోరీన్ టీ డబ్బా పట్టుకుని ఎటు చూడాలో తెలియక నిప్పులోకి చూస్తూ కూర్చుంది.

నాలుగో రోజు రొట్టెలు కాల్చారు. లోర్నా తరిగినవి కాస్త మందమైనట్టున్నాయి, అడుగున కొద్దిగా చేదు మిగిలింది. “చంపుతావా ఏమిటి మమ్మల్ని?” అంటూనే మేబెల్ మూడు తింది. చెయ్యి ఎవరు వదిలారన్న సంగతి మాత్రం తేలలేదు. దిగి వచ్చేటప్పుడు పేము తెర దగ్గర మళ్ళీ మొదలైంది, పేట చేరేదాకా సాగింది.

తరవాత లోర్నా మా దగ్గరే ఉండిపోయింది. మాటలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి, కొన్ని రానే లేదు. అడవుల ఆఫీసు నుంచి ఒకమ్మాయి పటం పట్టుకుని వచ్చి, మీ నేల సరిహద్దు ఎక్కడ అని అడిగింది. పటంలో ఏరు నీలం దారంలా ఉంది, పేర్లు మూడే ఉన్నాయి. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆమెను ఐదు రోజులు నడిపించారు. తిరిగొచ్చేటప్పటికి ఆ అమ్మాయి పిక్కల నిండా జలగలు, పుస్తకం నిండా పేర్లు. సరిహద్దు సంగతి మళ్ళీ అడగలేదు. ఇంకో ఏడాదికి లోర్నా కూతురు ఎండు నేల నుంచి పిల్లలతో చూడవచ్చింది. వానకు మూడు రోజులు బెదిరిపోయి మంచం దిగలేదు. నాలుగో రోజు దిగి, వెళ్ళే నాటికి ఇంకో వారం ఉంటానంది.

ఇప్పుడు ఇద్దరికీ డెబ్భై దాటాయి. మేబెల్ కళ్ళకు పొర కమ్మింది. వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనవు. డాక్టరు కోసి తీస్తానన్నాడు, ఆమె వద్దంది. పొద్దున్నే లోర్నా టీ పెట్టి, అక్కను అరుగు మీద కూర్చోబెట్టి, కొండ వైపు చూసి చెబుతూ ఉంటుంది.

“మంచు నడుం దాకా దిగింది. ఏరు ఇవాళ ఎర్రగా ఉంది, పైన వాన పడినట్టుంది. అవతలి గట్టున ఒక చెట్టు ఆకు మార్చింది.”

“ఏ చెట్టు?”

“ఆ వంకరది.”

“వంకరది కాదు. దాని పక్కది.”

“నీకు కనపడదు కదే!”

“నీకు కనపడి ఏం లాభం? వంకరది చలికాలం పోయాక గాని మార్చదు. సరిగ్గా చూడు.”

లోర్నా లేచి, అరుగు చివరి దాకా వెళ్ళి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తుంది. నిజమే, పక్కదే. ఆ సంగతి ఒప్పుకోదు. వచ్చి కూర్చుని, “టీ చల్లారిపోతోంది, తాగు” అంటుంది.